రెండు వేళ్ల కోత

కుళ్లు అన్న మాటని మర్యాదస్తులు అసూయ అంటారు. మా అన్నయ్య మీద నాకున్నది అంత మర్యాదైనది కాదు, ఉత్త కుళ్లే. చిన్నప్పటి నుంచీ ఉంది. కానీ అది నా చేత ఒక పని చేయించింది మాత్రం ఒక్కసారే. మా అమ్మాయి ఒకటో తరగతిలో ఉన్న ఏడు, ఎండలు ముదురుతూ బడికి సెలవులు దగ్గరపడుతున్న రోజుల్లో.

నేను పుస్తకాలు బైండింగు చేస్తాను. ఇంటి ముందుగదే నా షాపు. ఒక కటింగ్ మిషను, రెండు బల్లలు, అట్టల దొంతర, జిగురు గిన్నె. అన్నయ్య బోర్డులు రాసేవాడు. ఊళ్లో సగం కొట్ల మీద పేర్లు అతని చేతివే. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పడిపోయింది. పెళ్లి చేసుకోలేదు కాబట్టి మేడమీద గదిలో ఉంటూ, మాతోపాటే తింటూ, నచ్చిన పని దొరికితే చేస్తూ, దొరక్కపోతే కిటికీలో కూర్చుని వీధిని చూస్తూ కాలం గడిపేవాడు. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా నడుం వంచి కుట్టేది నేను. వీధిలో ఎదురైన ప్రతివాడూ నన్ను ఆపి అడిగేది మాత్రం, ఆర్టిస్టుగారు బాగున్నారా అని. నేను బాగున్నానో లేదో ఎవరికీ అక్కర్లేదు.

మా అమ్మాయిని అందరం బొంగరం అనేవాళ్లం. ఒక్కచోట నిలిచేది కాదు. దాని లెక్కలో ప్రపంచంలో ఉన్నది రెండు రకాల మనుషులు: పెదనాన్న, మిగతావాళ్లు. బడి నుంచి రాగానే నా షాపు గుమ్మం దాటి, నా బల్ల పక్కనుంచే, చెప్పులైనా విప్పకుండా మెట్లెక్కిపోయేది. ఏమైనా తిన్నావా అని నేను అడిగేలోపే పైన నవ్వులు మొదలయ్యేవి. ఆ నవ్వు చెవిన పడ్డప్పుడల్లా నా చేతిలో దబ్బనం అట్టలోకి కాస్త ఎక్కువ లోతే దిగేది.

ఒక సాయంత్రం దాని టీచరు మా ఇంటికి వచ్చింది. ఆ ఏడే కొత్తగా చేరిన మనిషి. మాట్లాడుతుంటే చేతులు గాలిలో తిరిగేవి. పిల్లల చేత ఒక అక్షరాల పుస్తకం చేయిద్దామనుకుంటున్నానంది. బజారులో దొరికే పుస్తకాల్లో ఉండే ఏనుగులూ, ఋషులూ కాదు, ప్రతి అక్షరానికీ మన ఊళ్లో ఉన్నదే ఉండాలి, పిల్లలు కళ్లారా చూసిందే ఉండాలి. తరగతిలో నలభై ఇద్దరు. ఒక్కొక్కరికి ఒక్కో అక్షరం. ఊరు తిరిగి వెతికేది వాళ్లే, ఇది అని తేల్చుకునేది వాళ్లే, బొమ్మ వేసేది వాళ్లే.

వింటుంటే నాకు భలే అనిపించింది. పుస్తకం అన్నాక కుట్టాల్సింది నేనే కదా, నా కోసమే వచ్చిందనుకుని కుర్చీ తుడిచి మరీ వేశాను. ఆవిడ కూర్చుని, "ఆర్టిస్టుగారు ఉన్నారాండీ?" అంది.

అన్నయ్య దిగొచ్చాడు. పిల్లల బొమ్మల మీద తాను చెయ్యి పెట్టనని, పక్కన కూర్చుని రంగులు కలిపిస్తానని, వాళ్లు అడిగితేనే నోరు విప్పుతానని చెప్పాడు. టీచరు పొంగిపోయింది. అలాంటి మాట ఏ ఆర్టిస్టూ అనడంది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "బైండింగు మీరే చేసిపెడతారు కదా" అని నా వైపు ఒక మాట విసిరింది. అప్పటికే ఒక కాలు వీధిలో ఉంది.

ఆ మర్నాటి నుంచి మా భోజనాలు మారిపోయాయి. ముద్ద నోట్లో ఉండగానే బొంగరం ఊరంతా తిప్పి చూపించేది. "ఇ"కి ఇటుకల బట్టీ అట. "ఐ"కి ఐసు ఫ్యాక్టరీ అట, లోపలికి వెళ్తే వేసవికాలం బయటే ఆగిపోయిందట. "ఎ" వచ్చిన పిల్లవాడు రైలు గేటు దగ్గర ఎర్రదీపం చూసి, ఇది నాదంటూ అక్కడే చతికిలబడ్డాడట, గేటు తీసినా లేవలేదట. "ఠ" వచ్చిన పిల్లా "ణ" వచ్చిన పిల్లాడూ ఇద్దరూ పోలీసు ఠాణా మీద పడి జుట్లు పట్టుకున్నారట. ముందువైపు ఒకరు, వెనకవైపు ఒకరు వేసుకోండని పెదనాన్న తీర్పు చెప్పాడట. ఠాణాలో ఉన్న పోలీసాయన కూడా నవ్వాడట. ఎక్కడ మొదలుపెట్టినా కథ పెదనాన్న దగ్గరికే చేరేది. అన్నయ్య తలొంచుకుని తినేవాడు. నాకు కడుపు నిండకముందే మండేది.

బొంగరానికి వచ్చిన అక్షరం "బ". ఊళ్లో బైండింగు షాపు ఒక్కటే, అది నాదే. వేరే చెప్పాలా? అయినా పైకి తేలనివ్వకుండా, నీళ్ల గ్లాసు వంక చూస్తూ, ఏం వేస్తావు మరి అన్నాను.

"చెప్పను. పెదనాన్నకి తెలుసు," అంది.

ఆ శనివారం పిల్లలు మా వీధిలోకి వస్తారని మా ఆవిడ చెప్పింది. తెల్లవారగానే షాపు కడిగాను. మిషను చక్రానికి నూనె పెట్టాను, కత్తి తుడిచాను, ఏళ్లుగా బల్ల కింద పడున్న చెత్తంతా పెరట్లో పోశాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. ఎక్కడికైనా వెళ్తున్నారా అని మా ఆవిడ అడిగింది. ఎక్కడికీ లేదన్నాను. ఆవిడ నన్నూ, షాపునీ ఒకసారి చూసి, నవ్వు దాచుకోవడానికి లోపలికి వెళ్లింది.

పదింటికి వచ్చారు. రెండు వరసలు, ముందు అన్నయ్య, వెనక టీచరు. నేను మిషను పిడి మీద చెయ్యి వేసి, ఫోటోకి నిలబడ్డవాడిలా నిలబడ్డాను. వరస నా గుమ్మం ముందు నుంచి సాగిపోయింది. బొంగరం చెయ్యి ఊపింది కానీ ఆగలేదు. ఆఖరున వస్తున్న ఒక పిల్ల లోపలికి తొంగి చూసి, ఇక్కడ కాగితాలే ఉన్నాయని పక్కదానికి చెప్పింది. వాళ్లందరూ వీధి చివర కాలువ వైపు తిరిగిపోయారు. నేను ఇస్త్రీ చొక్కా విప్పేసి పనిలో కూర్చున్నాను.

రెండు రోజుల తరవాత అన్నానికి పిలవడానికి మేడమీదికి వెళ్లాను. తలుపు ఓరగా ఉంది. అన్నయ్య స్టూలు మీద కదలకుండా కూర్చుని ఉన్నాడు. ఎదురుగా బొంగరం నేలమీద బోర్లా పడుకుని బొమ్మ వేస్తోంది, మధ్యమధ్య తలెత్తి అతని కేసి చూస్తోంది. నా అడుగు వినపడగానే రెండు చేతులూ చాపి బొమ్మని కప్పేసింది. నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు. "బ" అంటే బొమ్మలేసే పెదనాన్న. కాదంటే బోర్డులు రాసే పెదనాన్న. బ్రష్షు పట్టుకున్న పెదనాన్న. ఎటు తిప్పినా ఆ మహానుభావుడికి "బ" కుదిరి చస్తుంది. అన్నం వడ్డించారని చెప్పి దిగొచ్చాను. ఆ పూట నేను తిన్నది ఏమిటో నాకు తెలీదు.

సెలవులకి నాలుగు రోజుల ముందు టీచరూ అన్నయ్యా కలిసి కాగితాలు పట్టుకొచ్చారు. దళసరి డ్రాయింగు కాగితాలు, రంగు అంటుకోకుండా ప్రతి రెండింటి మధ్యా పల్చటి పొర కాగితం. అన్నిటికంటే పైనున్నది అన్నయ్య వేసింది. టీచరు బతిమాలితే అట్ట వెనక పేజీకని ఊరంతా ఒకే బొమ్మలో వేశాడట. బాగుంది. బాగుండటమే నా బాధ. కుడివైపు కింది మూల చిన్నగా నీలం సంతకం ఉంది. అది అతని అలవాటు, చెప్పుల కొట్టు బోర్డైనా సరే ఆ మూల సంతకం పడాల్సిందే.

"కింద సన్నగా పెన్సిలు గీత పెట్టాను చూడు, ప్రతి కాగితానికీ ఉంది. గీత కిందే కొయ్యిరా. పైకి రాకు," అన్నాడు.

ఇరవై ఏళ్లుగా కోస్తున్నవాడికి ఎక్కడ కొయ్యాలో చెప్పేవాడు దొరికాడనుకున్నాను. సరే అన్నాను. మొదటి పేజీలో ఆర్టిస్టుగారికి కృతజ్ఞతలు రాశామని టీచరు నాకు చెప్పింది, అదేదో నాకు శుభవార్త అన్నట్టు. కుట్టేవాడి పేరు ఎక్కడైనా వేశారేమోనని నా నాలుక చివరిదాకా వచ్చింది. కాగితాలు అందుకుని బల్లమీద పెట్టాను.

వాళ్లు వెళ్లాక మధ్యాహ్నం పనిలో దిగాను. కాగితాలన్నీ బల్లకి తట్టి అంచులు సరిచేస్తూ కింది మూలలు ఒక్కసారి బొటనవేలితో జారవిడిచాను. ప్రతి కాగితానికీ అదే మూల, అదే నీలం రంగులో, ఏదో చిన్నగా రాసి ఉంది. నలభై రెండింటికీ ఉంది. పిల్లల బొమ్మల మీద చెయ్యి పెట్టనన్న పెద్దమనిషి నలభై రెండు సంతకాలు పెట్టాడన్నమాట! కళ్లజోడు పక్కనే ఉంది. పెట్టుకుని చదవాలనిపించలేదు. ఏం రాసి ఉంటుందో తెలిసిపోయాక చదవడం ఎందుకు?

దొంతరని మిషనులో పెట్టి గీతకి సరిగ్గా బిగించాను. మళ్లీ చక్రం వెనక్కి తిప్పి వదులు చేశాను. రెండు వేళ్ల మందం లోపలికి నెట్టి మళ్లీ బిగించాను. ఇందులో తొందరపాటు లేదు. వేలు ఆనించి కొలుచుకుని మరీ బిగించాను. పిడి లాగాను. కత్తి దిగిన చప్పుడు రోజూలాగే ఉంది. ముక్కలు కింద పడ్డాయి.

తరవాత ఆ పుస్తకాన్ని ఎంత బాగా కుట్టానంటే, అంత బాగా నేను మళ్లీ ఏదీ కుట్టలేదు. దారం రెండు పేటలు వేశాను. అట్టకి మంచి గుడ్డ అంటించాను. పేజీలు మాత్రం ఒక్కటీ తిప్పి చూడలేదు. చూస్తే "బ" దగ్గర ఆగాల్సి వస్తుంది. మర్నాడు పొద్దున చిత్తుకాగితాల బండివాడు వచ్చి ముక్కల సంచి ఎత్తుకుపోయాడు.

బడి ఆఖరి రోజున తల్లిదండ్రులని పిలిచారు. పుస్తకం టీచరు బల్లమీద పెట్టారు. పిల్లలు ఒక్కొక్కరూ వచ్చి తమ పేజీ తీసి అందరికీ చూపించాలి. మొదట "అ" పిల్ల వచ్చింది. అద్దాల కొట్టు వేసింది, ప్రతి అద్దంలోనూ కొట్టు యజమాని మొహమే ఉంది. అందరూ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. పేజీ అడుగున వేలు పెట్టి అటూ ఇటూ వెతికింది. కాగితం తిప్పి వెనక చూసింది.

"టీచర్, నా పేరేది?" అంది.

టీచరు నవ్వుతూనే వంగింది. తరవాత పేజీ తిప్పింది, ఆ తరవాతది, ఇంకోటి. తిప్పుతున్నకొద్దీ చేతుల వేగం పెరిగి, మొహంలో రంగు పోయింది. పిల్లలందరూ బల్ల చుట్టూ మూగారు. నాదీ లేదు, నాదీ లేదు అనడమే వినిపిస్తోంది. పక్కనున్న నాతో ఆవిడ గొంతు తగ్గించి చెప్పింది. బొమ్మ వేసినవాళ్లే ఆ మూల పేరు పెట్టాలని, అది పనివాళ్ల పద్ధతి అని ఆర్టిస్టుగారు నేర్పించారట. సొంత చేత్తో, చూడకుండా, పూర్తి పేరు రాసుకోవడం వాళ్లందరికీ అదే మొదటిసారి అట. "కొందరికి వారం పట్టిందండీ. ఒకడు ముప్పైసార్లు రాసి చూసుకుని అప్పుడు బొమ్మ మీద రాశాడు," అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. చెప్పాలని నోరు తెరిచానో లేదో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలీదు. తెరిచే ఉంటానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఈలోపే అన్నయ్య ముందుకొచ్చాడు.

"తప్పు నాదేనండీ. గీత పైకి పెట్టేశాను. వాడు గీత ప్రకారమే కోశాడు," అన్నాడు.

నా వైపు చూడలేదు. ఎవరి వైపూ చూడలేదు. ఒక తండ్రి, అంతటి ఆర్టిస్టుకి గీత ఎక్కడ పెట్టాలో తెలీదా అని గొణిగాడు. జీవితంలో మొదటిసారి మా అన్నయ్యని ఎవరో ఒక మాట అనడం విన్నాను. దాని కోసం ఎన్నేళ్లు కాచుకున్నానో. విన్నాక తల ఎత్తలేకపోయాను.

బొంగరం తన పేజీ తీసింది. పెదనాన్న లేడు, నేనూ లేను. "బ" అంటే బురద. కాలువ గట్టు మీది బురద, కాగితం నిండా మూడు రకాల గోధుమ రంగులు, మధ్యలో రెండు చిన్న పాదాల ముద్రలు. మేడమీద అది తలెత్తి చూసింది అన్నయ్యని కాదు, కాలువ దగ్గర అతని ప్యాంటుకి అంటుకుని ఎండిన మట్టిని. బురద నేను కోసిన అంచు దాకా వచ్చి ఆగిపోయింది.

"పేరు పెట్టమని నువ్వే కదా చెప్పావు," అంది అన్నయ్యతో.

టీచరు తేరుకుని, మళ్లీ రాసుకుందాం రండి అని పెన్ను తీసింది. కొంతమంది మిగిలిన జాగాలో రాశారు. ఒకడు ఇటుకల బట్టీ పొగలో రాశాడు. బొంగరం చేతులు కట్టుకుని నిలబడింది. నేను రాసేశాను కదా అంది. ఎంత చెప్పినా పెన్ను ముట్టలేదు.

ఆ రోజు నుంచి అది మెట్లెక్కడం మానేసింది. చెప్పులు నా గుమ్మంలో విప్పి, నా బల్ల ఎక్కి కూర్చునేది. సెలవులే కాబట్టి పొద్దున్నుంచీ నా దగ్గరే. కాగితం మడత పెట్టడం నేర్పాను. మడత బద్దతో ఒత్తితే గీత ఎంత సూటిగా వస్తుందో చూపించాను. జిగురు ఎంత పల్చగా ఉండాలో వేలు పెట్టి చూడమన్నాను. నాన్నా ఇదేంటి, నాన్నా అదెందుకు అని రోజుకి వందసార్లు పిలిచేది. దానికి ఒక చిన్న నోటుపుస్తకం కుట్టిచ్చాను. దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకునేది.

నాకు సంతోషంగా ఉండేది. ఇది దాచుకోను. నేను కోసిన కోతకి నలభై రెండు మంది పిల్లలు మొహాలు వేలాడేసుకుని ఇళ్లకి పోయారు, ఆ కోతే మా అమ్మాయిని తెచ్చి నా బల్లమీద కూర్చోబెట్టింది. సిగ్గుపడుతూనే సంతోషించాను. కొన్ని పూటలు సిగ్గు కూడా మర్చిపోయాను. భోజనాల దగ్గర అన్నయ్య రాగానే అది కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయేది. అతను పిలిచేవాడు కాదు. గబగబా నాలుగు ముద్దలు తిని, చెయ్యి కడుక్కుని పైకి పోయేవాడు. ఆ గదిలోంచి చప్పుడే వచ్చేది కాదు.

పది రోజులయ్యాక మా ఆవిడ, బట్టలు మడతపెడుతూ, మామూలు గొంతుతో అంది. "ఆ రోజు ముక్కలు సంచిలోకి ఎత్తింది నేనేనండీ. ముక్కల మీద పెన్సిలు గీత ఉంది. గీతకి పైన ఏవో రాతలు కూడా ఉన్నాయి. మీ పని కదా, మీకు తెలీదా అని ఊరుకున్నాను."

ఆవిడ ఇంకో చొక్కా తీసి మడతపెట్టింది. ఆ తరవాత, "బావగారు సామాను సర్దుకుంటున్నారు," అంది. దూరంగా వేరే ఊళ్లో ఒక ఆసుపత్రి, పిల్లల వార్డు గోడలన్నిటికీ బొమ్మలు వెయ్యాలట. ఆరునెలల పని, ఇంకా ఎక్కువే పట్టొచ్చట. రెండుసార్లు అడిగితే బొంగరాన్ని వదిలి రాలేనన్నాడట. మూడోసారి ఒప్పుకున్నాడట. ఆదివారం ప్రయాణం.

ఇంట్లో అందరికంటే ముందు నాకు తెలియాల్సిన మాట అందరికంటే ఆఖరున తెలిసింది. అడిగే మొహం నాకు లేదు కూడా. రెండు రోజులు పని చేస్తున్నట్టు నటించాను. శుక్రవారం సాయంత్రం బొంగరం నా ఎదురుగా కూర్చుని కాగితాలు మడతపెడుతోంది. పైన పెట్టె ఈడ్చిన చప్పుడు వినపడింది. అది తలెత్తి పైకప్పు కేసి చూసి, మళ్లీ దించుకుంది.

"గీత పెదనాన్న సరిగ్గానే పెట్టాడమ్మా. నేనే పైకి కోశాను," అన్నాను.

మడతపెట్టడం ఆపింది. "చెయ్యి జారిందా?"

అది చూపించిన దారి ఎంత బాగుందో. ఊఁ అంటే చాలు, అందరం బయటపడతాం.

"లేదు. కావాలనే కోశాను."

"ఎందుకు?"

"అవి పెదనాన్న సంతకాలనుకున్నాను."

కోపం తెచ్చుకోలేదు. లెక్క తేలనప్పుడు ముడుచుకున్నట్టు కనుబొమలు ముడుచుకుంది.

"పెదనాన్నవైతే కొయ్యొచ్చా?" అంది.

నా మొహంలోకి చూస్తూ కొంచెంసేపు ఆగింది. తరవాత మడత బద్దని నేను నేర్పినట్టే తుడిచి, దాని చోట పెట్టి, బల్ల దిగి మెట్లెక్కి వెళ్లిపోయింది.

పైన ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు. చాలాసేపటికి అన్నయ్య ఒక్కడే దిగొచ్చాడు. కృతజ్ఞతో, కౌగిలింతో ఉంటుందని నేను అనుకోలేదు కానీ, కోపం ఉంటుందనీ అనుకోలేదు.

"ఎందుకు చెప్పావురా దానికి?" అన్నాడు. "నీ కుళ్లు నాకు ఇవాళ తెలిసిందా? అది నీ బల్ల పక్కనుంచి పైకి పరిగెడుతుంటే నీ మొహం ఎలా ఉండేదో నాకు తెలీదా? కొన్నాళ్లు నీ దగ్గర ఉంటుందిలే అని నోరు మూసుకున్నాను. అది కూడా ఉంచుకోలేకపోయావు."

అంటే ఆ రెండు వారాలూ, నాన్నా నాన్నా అన్న ఆ వందలసార్లూ, అతను పెట్టిందే నేను తిన్నాను. ఆ క్షణంలో నాకు అన్నయ్య మీద ప్రేమ పొంగుకొచ్చిందని రాస్తే వినడానికి బాగుంటుంది. రాలేదు. ఒళ్లు మండిపోయింది. తప్పు నెత్తిన వేసుకోవడంలోనూ నన్ను మించిపోవాలా అనిపించింది. అయినా నోట్లోంచి వచ్చింది మాత్రం, వెళ్లకు అన్న మాట.

"మాటిచ్చేశాను రా," అన్నాడు. కోపం అప్పటికే పోయింది, అతనికి ఎప్పుడూ నిలవదు. బల్లమీద బొంగరం సగం మడిచి వదిలేసిన కాగితాలు చూశాడు. ఒకటి తీసుకుని అంచు మీద వేలు పోనిచ్చాడు. "బాగా నేర్పావు," అని అక్కడే పెట్టి పైకి వెళ్లాడు.

ఆదివారం పొద్దున బస్టాండుకి ముగ్గురం వెళ్లాం. పెట్టె నేను మోశాను. బ్రష్షుల సంచి బొంగరం భుజాన వేసుకుని, పెదనాన్న చెయ్యి పట్టుకుని, దారంతా ఆగకుండా మాట్లాడింది. గోడల మీద ఏమేం వెయ్యాలో చెబుతోంది. బురద తప్పకుండా వెయ్యమంది. జ్వరం వచ్చిన పిల్లలకి బురద చూస్తే ఆడుకోవాలనిపిస్తుంది కదా అంది. అతను సరేనన్నాడు. బస్సు కదిలేటప్పుడు కిటికీ కింద నిలబడి ఎప్పుడొస్తావని అడిగింది. గోడలు అయిపోగానే అన్నాడు. ఎన్ని గోడలని అడిగింది. ఆ జవాబు ఇంజను చప్పుడులో పోయింది.

తిరిగి వస్తుంటే అది నాకు నాలుగడుగుల ముందు నడిచింది. నేను వేగం పెంచితే అదీ పెంచేది. నేను నెమ్మదిస్తే మాత్రం అది నెమ్మదించేది కాదు. ఎండ అప్పటికే నెత్తికెక్కింది. నీళ్లు తాగుతావా అని వెనకనుంచే అడిగాను. తల అడ్డంగా ఊపింది. ఏదైనా కొనిపెట్టనా అని అడగబోయి, ఆ పప్పులు దాని దగ్గర ఉడకవని మానేశాను.

పెద్ద రోడ్డు దగ్గరికి వచ్చాం. లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. రోడ్డు అంచున అది ఆగిపోయింది. నేను వెనకాలే వచ్చి నిలబడ్డాను. తల తిప్పకుండానే, ఎదురుగా లారీల కేసి చూస్తూనే, ఒక చెయ్యి వెనక్కి చాపింది. పట్టుకున్నాను. సందు దొరకగానే ఇద్దరం గబగబా దాటాం. అవతలి గట్టు ఎక్కగానే చెయ్యి వదిలించుకుని మళ్లీ ముందుకి వెళ్లిపోయింది.